నందన్ మేళాకు ముందే వెళ్లండి

చిత్రకారుడు నందలాల్ బోస్ 1882 డిసెంబరు 3న పుట్టారు. ఆ పుట్టినరోజుకు ముందు రెండు రోజులు, డిసెంబరు 1, 2 తేదీల్లో, శాంతినికేతన్‌లోని విశ్వభారతి విశ్వవిద్యాలయంలో ఆయన చిత్రకళ నేర్పిన కళాభవనలో ఏటా నందన్ మేళా జరుగుతుంది. పెయింటింగ్, శిల్పం, ప్రింట్‌మేకింగ్, డిజైన్, కళాచరిత్ర శాఖల వాళ్లందరూ ఏడాది పొడుగునా చేసినవాటిని చెట్ల కింద పరిచి అమ్ముతారు. 1973లో ఒక విద్యార్థి ప్రమాదం పాలైతే ఆదుకోవడానికి నిధి కావాల్సి వచ్చింది. గురువులూ శిష్యులూ కలిసి తమ బొమ్మలు అమ్మి డబ్బు పోగుచేశారు. అప్పటి నుంచి అది ఏటేటా సాగుతూ వచ్చింది. ఇప్పటికీ వచ్చిన సొమ్ము విద్యార్థుల సహాయ నిధికే వెళుతుంది.

మేళా చూడాలని మా చిన్నాన్నకు ఎప్పటినుంచో కోరిక. గుంటూరు జిల్లాలో హైస్కూలు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారాయన. నందలాల్ బొమ్మల్ని పాత పత్రికల్లోంచి కత్తిరించి దాచుకున్న తరం మనిషి. విజయవాడలో రైలెక్కి హౌరాలో దిగాం. అక్కడి నుంచి బోల్‌పూర్ రైలు. బర్ధమాన్ దాటాక వరిచేలు పల్చబడి, మట్టి ఎర్రబడుతుంది. బీర్భూమ్ జిల్లా నేల అది. కిటికీలోంచి కనిపించే ఆ ఎర్ర కంకర గురించి ముందుముందు చెప్పాల్సింది ఉంది. బోల్‌పూర్ స్టేషన్ బయట టోటోలు వరసగా నిలబడి ఉంటాయి. బ్యాటరీ ఆటోని అక్కడ అలాగే అంటారు. ఎక్కి కూర్చుంటే కాసేపట్లో కళాభవన దగ్గర దించుతాయి.

మేళాకి కొన్ని రోజుల ముందే వెళ్లడం మా చిన్నాన్న పట్టుదల. ఆ పట్టుదల వల్లే ఈ యాత్ర యాత్రలా మిగిలింది. మేళా రెండు రోజులూ జనం కిటకిటలాడతారు, నిలబడి ఏదీ తీరిగ్గా చూడలేం. ముందు వెళితే ఆ వారం ఎవరు మాట్లాడబోతున్నారో, ఏ ప్రదర్శన ఎప్పుడు మొదలవుతుందో నోటీసు బోర్డు మీద కనబడుతుంది. కళాభవన బోర్డు చూడ్డానికే ముచ్చటగా ఉంది. కంప్యూటర్లో కొట్టి అచ్చు తీసినవి కొన్నే. మిగతావి చేత్తో రాసినవి, చెక్కమీద చెక్కి అద్దినవి. బెంగాలీ అక్షరాలు ఒక కాగితం మీద లావుగా, నల్లగా, పక్కదానిమీద సన్నగా తీగలు సాగుతూ ఉన్నాయి. సాయంత్రం కళాచరిత్ర శాఖలో ప్రసంగం, నందన్ గ్యాలరీలో విద్యార్థుల చిత్రాలు, ప్రింట్‌మేకింగ్ వర్క్‌షాపులో బయటి నుంచి వచ్చే కళాకారుడి పని చూపించడం, ఇలా వరసగా ఉన్నాయి. చిన్నాన్న జేబులోంచి చిన్న పుస్తకం తీసి వేళలు రాసుకున్నారు. వాటితోపాటు ఆ అక్షరాల వంపుల్ని కూడా గీసుకున్నారు.

సాయంత్రం ప్రసంగానికి వెళ్లాం. గుమ్మం ముందు అల్పన వేసి ఉంది. మన ముగ్గులాంటిదే, కానీ చుక్కలు లేవు. బియ్యప్పిండి నీళ్లలో వేలు ముంచి తామరలూ తీగలూ ఒకే ఊపులో వేస్తారు. పల్లెల్లో ఆడవాళ్లు నోములప్పుడు వేసే ఈ అల్పనను కళాభవన చదువులోకి తెచ్చి నిలబెట్టినవాళ్లలో నందలాల్ కూతురు గౌరీ భంజ్ ఒకరు. ప్రసంగకర్తకు పూలగుత్తి ఇవ్వలేదు. నుదుట గంధం బొట్టు పెట్టారు. అయిపోయాక చప్పట్లు లేవు, అందరూ కలిసి మెల్లగా ‘సాధు, సాధు’ అన్నారు. విశ్వభారతి సంప్రదాయం అది. మైకుల హోరుకి అలవాటుపడిన నా చెవికి ఆ పలుకు ఎంతో హాయిగా తగిలింది.

విన్నవాళ్లలో విద్యార్థులు సగమే. మిగతావాళ్లు ఊరివాళ్లు: చేతిసంచులతో వచ్చిన గృహిణులు, పంచె కట్టు ముసలివాళ్లు, స్కూలు పిల్లలు. ప్రసంగం బెంగాలీలో. మా మొహాలు చూసి పక్కనున్న అమ్మాయి హిందీలో మెల్లగా చెబుతూ వచ్చింది. విషయం చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ శాంతినికేతన్‌లోని హిందీభవనంలో వేసిన కుడ్యచిత్రం. మధ్యయుగాల భక్తకవులూ సాధువులూ అందులోని మనుషులు. 1946, 47 సంవత్సరాల్లో హాలు మూడు గోడల పైభాగమంతా, 70 అడుగులకు పైగా, తడి సున్నపు పూత మీద వేశారు. ఆ పూత ఆరేలోగా రంగు వేసేయాలి, ఆరితే పట్టదు. కాబట్టి ఏ రోజు ఎంత వేయగలరో అంతమేరకే పూత పూయించుకోవాలి. ఇంత పెద్ద చిత్రానికి ఎవరైనా ముందు పూర్తి సైజు నమూనా గీసి గోడమీదికి ఎక్కించుకుంటారు. వినోద్ బిహారీ చిన్న చిన్న స్కెచ్చులు మాత్రం పెట్టుకుని నేరుగా వేసుకుపోయారట. ఆయనకు పుట్టుకనుంచే ఒక కన్ను కనబడదు, రెండోది అంతంతమాత్రం.

ప్రసంగం చేసినాయన చివర్లో, మర్నాడు పొద్దున విద్యార్థుల్ని ఆ గోడ దగ్గరికి తీసుకెళుతున్నామనీ రావాలనుకున్నవాళ్లు రావచ్చనీ చెప్పారు. వెళ్లాం. రాత్రి తెరమీద ముక్కలు ముక్కలుగా చూసినదాన్ని పొద్దున్నే తలెత్తి చూస్తూ గోడవెంట నడిచాం. రామానుజులు, కబీరు, సూరదాసు, తులసీదాసు, గురు గోవింద సింగ్ కనిపించారు. వాళ్ల చుట్టూ పేరులేని జనం, వీధులు, మెట్లు, గుర్రాలు. మహాత్ముల్ని మేఘాల మీద కూర్చోబెట్టలేదు, జనంలో నిలబెట్టి ఒక తల ఎత్తు పెంచారంతే. ప్రసంగం వినకపోతే నేను పేర్లు వెతుక్కుంటూ తిరిగేవాణ్ణి. విన్నాను కాబట్టి ఒక గుంపు ముగిసి ఇంకో గుంపు మొదలయ్యేచోట ఖాళీ ఎలా వదిలారో చూశాను. మంచి ప్రసంగం వినేవాడికి కన్ను ఇస్తుందని ఆ పొద్దున నాకు అనుభవమైంది.

1950ల్లో కంటి ఆపరేషన్ తర్వాత వినోద్ బిహారీకి చూపు పూర్తిగా పోయింది. ఆయన ఆగలేదు. కాగితాలు కత్తిరించి, మైనంతో బొమ్మలు చేసి, చేతి తాకిడితోనే పనిచేశారు. 1972లో కళాభవన గోడమీద పలకలతో పెద్ద కుడ్యం కూర్చారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది, దాని ముందునుంచే విద్యార్థులు సైకిళ్లమీద వెళుతుంటారు. 1940 ప్రాంతంలో ఆయన దగ్గర చదువుకున్న సత్యజిత్ రాయ్ ఆయనమీద తీసిన డాక్యుమెంటరీ ‘ది ఇన్నర్ ఐ’ కూడా 1972లోనే వచ్చింది. చిన్నాన్న ఆ పలకల ముందు నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “నలభై ఏళ్లు పిల్లలకి చూసి గియ్యమని చెప్పానురా” అన్నారు.

ఇలా బయటివాళ్లని పిలిపించి మాట్లాడించడం విశ్వభారతికి పుట్టుకతో వచ్చింది. 1921లో విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు తొలి అతిథి ఆచార్యుడు పారిస్ నుంచి వచ్చిన సంస్కృత పండితుడు సిల్వ్యా లెవీ. ఆ తర్వాత ప్రాగ్ నుంచి వింటర్నిట్జ్, ఇటలీ నుంచి తుచ్చి అనే పండితులు వచ్చారు. వియన్నాలో చదివిన కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ 1920ల తొలినాళ్లలో కళాభవన కుర్రాళ్లకు యూరపు మధ్యయుగాల గోథిక్ నుంచి అప్పటికి కొత్తగా వచ్చిన డాడా ఉద్యమం దాకా చెప్పారు. ఎక్కడో బీర్భూమ్ బీడుభూముల్లో పాకల్లో కూర్చున్న విద్యార్థులకు పారిస్, బెర్లిన్లలో అప్పుడప్పుడే జరుగుతున్నది తెలిసిపోయింది. 1922 డిసెంబరులో కలకత్తాలో జర్మనీ బౌహౌస్ కళాశాల చిత్రకారుల ప్రదర్శన జరిగింది. క్లే, కాండిన్‌స్కీల చిత్రాలు అక్కడికి వచ్చాయి. దాని వెనక క్రామ్రిష్ పూనిక ఉంది. ఒక విశ్వవిద్యాలయానికి ఎవరు వచ్చి మాట్లాడతారన్నది అందులో తయారయ్యే కళనే మార్చేస్తుంది. ఆ తర్వాత కళాభవనలో రామ్‌కింకర్ చేసిన శిల్పాలు చూస్తే ఇది ఎంత నిజమో తెలుస్తుంది.

రామ్‌కింకర్ బైజ్ 1906లో బాంకురాలో ఓ పేద మంగలి ఇంట్లో పుట్టారు. ఆయన ‘సంథాల్ కుటుంబం’ శిల్పం 1938 నాటిది. భుజాన కావడి వేసుకున్న మగవాడు, ఆ కావడి బుట్టలో బిడ్డ, నెత్తిన గంప పెట్టుకున్న ఆడమనిషి, వెంట కుక్క. బతుకుతెరువు కోసం ఊరు వదిలి నడుస్తున్న సంథాల్ గిరిజనులు వాళ్లు. కంచు పోతపోయించే డబ్బు లేదు, పాలరాయి లేదు. సిమెంటులో మేం రైలు కిటికీలోంచి చూసిన ఆ ఎర్ర కంకర కలిపి, ఇనుప చువ్వల అస్థిపంజరం మీద చేత్తో మెత్తారు. అందుకే దాని ఒళ్లు గరుగ్గా, ఆ నేల ఒంటిలాగే ఉంటుంది. మన దేశంలో రాజులూ దొరలూ లేని తొలి ఆధునిక బహిరంగ శిల్పంగా కళాచరిత్రకారులు దీన్ని లెక్కిస్తారు. అటు ‘మిల్ కాల్’ 1956 నాటిది. మిల్లు సైరన్ కూత విని ఇద్దరు సంథాల్ స్త్రీలు పరుగెడుతుంటారు. ఉతికిన చీర ఆరబెట్టుకునే తీరిక లేక పరుగులోనే గాలికి ఆరేసుకుంటూ వెళుతున్నారు. వెనక ఒక పిల్లవాడు. చుట్టూ తిరిగి చూడాలి దాన్ని. ముందునుంచి వేగం కనిపిస్తుంది. వెనకనుంచి ఆ పిల్లవాడి ఒంటరితనం కనిపిస్తుంది.

మేం వెళ్లినప్పుడు వీటికి టికెట్టు లేదు, గాజు పెట్టె లేదు. ఎండనుంచీ వాననుంచీ కాపాడ్డానికి పైకప్పులు వేశారు, అది మంచిపనే. వీటి పక్కనుంచే ఊరి జనం నడుస్తారు. సంథాల్ ఊళ్లు శాంతినికేతన్ చుట్టుపక్కలే ఉన్నాయి. కూలిపనికి సైకిలుమీద వెళ్లే సంథాల్ స్త్రీలను మేం రోజూ చూశాం. బొమ్మలోని మనిషీ దారిన పోయే మనిషీ ఒకళ్లే అయిన ప్రదర్శనశాల నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇది నందలాల్ నేర్పిన దారి. 1938లో గుజరాత్‌లోని హరిపురలో కాంగ్రెస్ మహాసభకు అలంకరణ చేసిపెట్టమని గాంధీజీ ఆయన్ని అడిగారు. పల్లెజనం వచ్చీపోయే దారిలో ఆగి చూసుకునేలా ఉండాలన్నది కోరిక. నందలాల్ శిష్యుల్ని కూర్చోబెట్టుకుని, మట్టి రంగులతో, చవక కాగితం మీద, వందల కొద్దీ బొమ్మలు వేయించారు. డోలు వాయించేవాడు, వడ్రంగి, చెప్పులు కుట్టేవాడు, దంపుడు పాటల ఆడవాళ్లు, వస్తాదులు. అవి ద్వారాల మీదా గుడారాల మీదా వేలాడాయి. తమ పనిని తామే బొమ్మల్లో చూసుకున్నారు పల్లెవాళ్లు. తర్వాత రాజ్యాంగ ప్రతిని అలంకరించిన చేతులు కూడా ఇవే.

విద్యార్థులుండే కాలో బారి అనే నల్ల ఇంటిని వదిలి వెళ్లలేం. 1930ల్లో నందలాల్, రామ్‌కింకర్, విద్యార్థులు కలిసి కట్టిన మట్టి ఇల్లు. పైన తారు పూశారు. గోడల నిండా ఉబ్బెత్తు బొమ్మలే: సింధులోయ ముద్రల ఎద్దు, భర్హుత్, మహాబలిపురం, ఈజిప్టు. ఒక కళాచరిత్ర పాఠ్యపుస్తకాన్ని మట్టితో చేసి అందులోనే పడుకుంటున్నారు పిల్లలు.

ఇక మన తెలుగువాళ్ల సంగతి. మేళా మొదటిరోజు ప్రింట్‌మేకింగ్ వాళ్ల దుకాణం దగ్గర ఒక కుర్రాడు రాగిరేకుకి రంగులు అద్ది చూపిస్తున్నాడు. ఒకే రేకు, ఒకే ఒత్తు, కాగితం మీద ఎన్నో రంగులు. మామూలుగా రంగుకో రేకు కావాలి. ఇక్కడ రేకును ఎత్తుపల్లాలుగా చెక్కుతారు. నూనె ఎక్కువ కలిపిన పల్చటి రంగును గట్టి రోలరుతో దొర్లిస్తే అది ఎత్తుల మీదే అంటుతుంది. తర్వాత చిక్కటి రంగును మెత్తటి రోలరుతో దొర్లిస్తే అది పల్లాల్లోకి దిగుతుంది. నూనె రంగు ఉన్నచోట చిక్కటిది అంటుకోదు, రెండూ కలిసిపోవు. ఈ పద్ధతిని పారిస్‌లో హేటర్ అనే కళాకారుడి ఆతెలియే 17 స్టూడియోలో తయారుచేసినవాళ్లలో ముఖ్యుడు కృష్ణారెడ్డి అని ఆ కుర్రాడు మాతో అన్నాడు.

ఆ కృష్ణారెడ్డి మన చిత్తూరు జిల్లావాడు! 1925లో నందనూరులో పుట్టారు. 1940ల్లో ఇదే కళాభవనలో నందలాల్ దగ్గర చదివారు. కొంతకాలం మద్రాసు కళాక్షేత్రలో చిత్రకళ నేర్పి, లండన్‌లో హెన్రీ మూర్ దగ్గరా పారిస్‌లో జాడ్‌కిన్ దగ్గరా శిల్పం నేర్చుకుని, ఆఖరికి న్యూయార్క్‌లో స్థిరపడి 2018లో కన్నుమూశారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. ప్రింట్‌మేకింగ్‌లో ఈ పద్ధతి నేర్పేచోట ఆయన పేరు చెప్పకుండా ఆ పాఠం సాగదు. మన బడిపిల్లల్లో ఎందరికి తెలుసాయన? చిన్నాన్న ఆ కుర్రాడి భుజం తట్టి, “మా వైపువాడే బాబూ” అని తెలుగులోనే అనేశారు. కుర్రాడికి తెలుగు రాదు, కానీ ఆ సంతోషం అర్థమైంది. కృష్ణారెడ్డి ఒక్కరే కాదు, రాయప్రోలు సుబ్బారావు గారు, బెజవాడ గోపాలరెడ్డి గారు కూడా శాంతినికేతన్ గాలి పీల్చి వచ్చినవాళ్లే.

కృష్ణారెడ్డికి కాస్త అటూఇటూగా అక్కడ చదివిన ఇంకొకాయన కె.జి. సుబ్రహ్మణ్యన్. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లినందుకు ప్రభుత్వ కాలేజీల్లో చోటు లేకపోతే 1944లో కళాభవనకి వచ్చారు. హిందీభవనం గోడమీద వినోద్ బిహారీకి సాయంపట్టిన చేతుల్లో ఆయనవీ ఉన్నాయి. కళాభవనలో ఒక కట్టడం వెలుపలి గోడలన్నీ ఆయన వేసిన నలుపు తెలుపు మనుషులతో, జంతువులతో నిండి ఉంటాయి. పాతవి వెలిసిపోతే 2009లో, 85 ఏళ్ల వయసులో, నిచ్చెనలెక్కి మళ్లీ వేశారు. మధ్యలో ఆయన చాలా ఏళ్లు బరోడా విశ్వవిద్యాలయంలో నేర్పారు. అక్కడికి వెళ్లి నేర్చుకున్నవాళ్లలో మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వెళ్లిన లక్ష్మాగౌడ్, కరీంనగర్ జిల్లానుంచి వెళ్లిన తోట వైకుంఠం ఉన్నారు. లక్ష్మాగౌడ్ తిరిగొచ్చి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్లో పిల్లలకు నేర్పారు. శాంతినికేతన్ నుంచి బరోడా, బరోడా నుంచి గచ్చిబౌలి. ఈ గొలుసు తెగలేదు, మన వాకిట్లోకే వచ్చి ఉంది.

మేళా గురించి నేను ఎక్కువ చెప్పను, వెళ్లి చూడాల్సిందే. క్యాలెండర్లు, మట్టి పాత్రలు, చేతి అచ్చు కార్డులు, డైరీలు, చిన్న చిన్న ప్రింట్లు. పేరున్న అధ్యాపకుల పని కూడా మామూలు మనిషి కొనగలిగే ధరలో దొరుకుతుంది. చదువు ముగిసి ఎక్కడెక్కడో స్థిరపడ్డ పాత విద్యార్థులు వచ్చి దుకాణాల్లో కూర్చుంటారు. సాయంత్రానికి పాటలు మొదలవుతాయి. చిన్నాన్న ఒక చెక్క అచ్చు బొమ్మ కొన్నారు. ధరలో బేరమాడబోయిన నన్ను వారించి, “ఆ డబ్బు ఎవరో పిల్లాడి ఆసుపత్రి ఖర్చురా” అన్నారు.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. విశ్వభారతికి వారపు సెలవు బుధవారం, ఆదివారం కాదు. ఆశ్రమ ప్రాంతంలో కొన్నిచోట్లకు అనుమతి ఉండాలి, ముందే కనుక్కోండి. 2023లో శాంతినికేతన్ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక రద్దీ పెరిగింది. మేళా రోజుల్లో గదులు దొరకడం కష్టం.

శాంతినికేతన్ వెళ్లలేనివాళ్లకు చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో (జేఎన్ఏఎఫ్ఏయూ), విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చిత్రకళ, శిల్పం చదివే పిల్లలు ఉన్నారు. చదువు ముగిసేముందు వాళ్లు ప్రదర్శనలు పెడతారు. ప్రసంగాలు జరుగుతూనే ఉంటాయి. చూడ్డానికి వచ్చేది మళ్లీ ఆ విద్యార్థులూ వాళ్ల స్నేహితులే. విశ్వవిద్యాలయాలకు నా విన్నపం: రాబోయే ప్రసంగాల, ప్రదర్శనల జాబితా తెలుగులో రాయించి, గేటు లోపల కాకుండా బయట, బస్సు స్టాపు దగ్గర పెట్టండి. పాఠకులకు నా విన్నపం: ఆ బోర్డు కనిపించకపోతే ఫోన్ చేసి అడగండి, ఒక సాయంత్రం తీరిక చేసుకుని ఇంట్లో పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి.